నాన్నగారి నిధిలో కాసినో షేర్లు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక సోదరి ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెను గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చి, సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు నలభై ఆరేళ్లు, ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. నాన్నగారు తెనాలి దగ్గర ఒక పల్లెలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, 2015లో పోయారు. ఆయన పేరు మీద ఊళ్లో చదువుకునే పిల్లలకు ఏటా ఫీజులు కట్టాలని ఇంట్లోవాళ్లంతా అనుకున్నారు. అమ్మ గొలుసు అమ్మి లక్ష ఇచ్చింది. ఈవిడ ఐదు లక్షలు వేశారు, తమ్ముడు రెండు లక్షలు వేశాడు, మిగతాది బంధువులు కలిపారు. మొత్తం పది లక్షలు. రిజిస్టరు చేసిన ట్రస్టు కాదు. లెక్కలు తెలిసిన మనిషి కాబట్టి నిధిని ఆమె భర్త చేతిలో పెట్టారు. ఆయన తన పేరు మీదున్న ఖాతాల్లోనే కొంత షేర్లలో, కొంత మ్యూచువల్ ఫండ్లలో, కొంత బ్యాంకు డిపాజిట్లో పెట్టారు. ఏటా జూన్‌లో ఆరుగురు పిల్లలకు ఫీజులు, పుస్తకాలు ఇస్తున్నారు. ఒక్క ఏడాది కూడా ఆగలేదు. ఇప్పుడు నిధి పన్నెండు లక్షలకు పైనే ఉంది.

తమ్ముడి కథ వేరు. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్లో రమ్మీ మొదలుపెట్టాడు. ఆ సెప్టెంబరులో మన రాష్ట్రంలో నిషేధం వచ్చింది. అయినా ఉన్న చోటు కనపడకుండా దాచే యాప్ ఒకటి పెట్టుకుని ఆడాడు. వందలు వేలయ్యాయి, తర్వాత లోన్ యాప్‌లు వచ్చాయి. రెండేళ్లలో ఎనభై సెంట్ల పొలం పోయింది. భార్య పిల్లల్ని తీసుకుని ఏడాదిపాటు పుట్టింట్లో ఉంది. ఇప్పుడు పూర్తిగా మానేశాడు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేస్తున్నాడు. మూడేళ్లుగా జేబులో బటన్ల ఫోనే.

ఈ మధ్య ఇన్‌కంటాక్స్ కాగితాలు సర్దుతుంటే ఆమెకు ఒక స్టేట్‌మెంట్ కనిపించింది. గోవాలో కాసినోలు నడిపే కంపెనీ షేర్లు పద్దెనిమిది వందలు. 2021 చివర్లో మూడు లక్షల అరవై వేలు పెట్టి నిధి సొమ్ముతో కొన్నవి. ఇప్పటి విలువ లక్షా ముప్పై వేలు. ఈ నాలుగేళ్లలో డివిడెండ్లుగా తొమ్మిది వేలు వచ్చాయి, అవీ పిల్లల పుస్తకాలకే వెళ్లాయి.

"తమ్ముడు మా హాల్లో కూర్చుని ఏడుస్తున్న రోజుల్లోనే ఈయన ఇవి కొన్నారు" అని రాశారామె. భర్తను అడిగితే ఆయన చెప్పింది ఇదట: అది చట్టప్రకారం నడిచే కంపెనీ. మనం అమ్మితే ఇంకొకడు కొంటాడు, వాళ్లకు పోయేదేం లేదు. కొన్న ధర వచ్చాక తప్పకుండా అమ్మేద్దాం. ఇలా ఏరడం మొదలుపెడితే బ్యాంకుల్నీ ఫోన్ కంపెనీల్నీ కూడా వదలాలి. "అయినా సంక్రాంతికి మీ పుట్టింటివాళ్లు కోడిపందాలకు వెళ్లట్లేదా?"

ఉత్తరం చివర: "ఆ డబ్బుతో కొన్న నోటు పుస్తకాల్లో పిల్లలు రాసుకుంటున్నారు. తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. నేను ఎక్కువ చేస్తున్నానా? అమ్మించాలా? తమ్ముడికి చెప్పాలా?"

అమ్మా, మీరు ఎక్కువ చేయడం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మొదట మీవారి గురించి. మీ ఉత్తరంలో కంపెనీ మీద కోపం కంటే ఆయన మీద బాధే ఎక్కువుంది. తమ్ముడు ఏడుస్తున్నప్పుడే కొన్నారన్న వాక్యాన్ని మీరు మూడుసార్లు రాశారు. నేను విజయవాడలో ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. షేర్లు కొనేవాళ్లను దగ్గరగా చూశాను. ఎక్కువమంది కొనేది కంపెనీని కాదు, ఒక పేరుని, ఒక గ్రాఫుని. 2021లో ఇంటింటా డీమ్యాట్ ఖాతాలు తెరిచారు. ఏ షేరు కొన్నా పెరుగుతుందనిపించిన రోజులవి. పెద్ద ఇన్వెస్టరు ఎవరో కొన్నారని వింటే, ఆ కంపెనీ ఏం చేస్తుందో చూడకుండా మనమూ కొనేసిన రోజులు. మీవారి మనసులో ఆ షేరు ఒక గదిలో, బావమరిది కష్టం ఇంకో గదిలో ఉండి ఉంటాయి. మధ్య తలుపు ఆయన తీయలేదు. అది అజాగ్రత్తే, కాదనను. కానీ మీ తమ్ముడిని చిన్నచూపు చూసి కొన్నారనుకోవడానికి మీరు రాసినదాంట్లో ఆధారం లేదు. తొమ్మిదేళ్లు ఒక్క జూన్ కూడా తప్పకుండా ఫీజులు కట్టించిన మనిషి కూడా ఆయనే.

అయితే ఆయన మరిచిన సంగతి ఒకటుంది. అది ఆయన డబ్బు కాదు. సొంత జీతంతో ఆయన ఏ షేరు కొన్నా మీరు వాదించొచ్చు, అలగొచ్చు, చివరికి ఊరుకోవచ్చు. ఈ నిధిలో అమ్మగారి గొలుసుంది. మీ తమ్ముడు చెడకముందు కష్టపడి సంపాదించిన రెండు లక్షలున్నాయి. ఈ సొమ్ము విషయంలో 'ఎంత వస్తుంది' అనే ప్రశ్నతో పాటు 'ఎక్కడి నుంచి వస్తుంది' అనే ప్రశ్న కూడా అడిగే హక్కు వేసిన ప్రతి ఒక్కరికీ ఉంటుంది. ఇంటి డబ్బునూ నిధి డబ్బునూ ఒకే గాటన కట్టడం వల్లే మీ ఇద్దరి వాదన ముందుకు కదలడం లేదని నాకనిపిస్తోంది.

ఇప్పుడు ఆయన అన్న మాటలు చూద్దాం. వాటిలో కొన్ని బలమైనవే.

చట్టబద్ధమన్నది నిజం. గోవాలో, సిక్కింలో లైసెన్సుతో కాసినోలు నడుస్తున్నాయి. కానీ జూదం విషయంలో చట్టం ఒక చోట నిలబడలేదు. 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తీర్పిచ్చింది. ఆ కేసు సికింద్రాబాదులోని ఒక క్లబ్బుదే. యాభై ఏళ్ల తర్వాత రమ్మీ యాప్‌లు అదే తీర్పును గొడుగులా పట్టుకున్నాయి. మన రాష్ట్రం 2020 సెప్టెంబరులో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నేర్పా అదృష్టమా అన్న తేడా అందులో లేదు. ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. మీ తమ్ముడి పొలం పోయిన రోజుల్లో చాలా రాష్ట్రాల్లో తప్పు కానిది, ఇప్పుడు దేశమంతటా తప్పయింది. కాబట్టి 'చట్టం ఒప్పుకుంది' అనే మాట ఒక తేదీకి సంబంధించిన మాట. దాంతో మీ మనసుకు సమాధానం దొరకదు.

గోవా గురించి ఒక్క విషయం మీవారికి చెప్పండి. 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాళ్లకు కాసినోల్లోకి ప్రవేశం లేదని ఆ రాష్ట్ర ప్రభుత్వమే ప్రకటించింది. పన్నులు తెచ్చిపెట్టే వ్యాపారమే, అయినా తన మనుషుల్ని మాత్రం లోపలికి రానివ్వలేదు. ఆ వ్యాపారం ఎలాంటిదో దానికి లైసెన్సు ఇచ్చినవాళ్లకే బాగా తెలుసు.

అన్ని వ్యాపారాల్లాగే ఇదీ వ్యాపారమే అంటారు కొందరు. గుంటూరులో పుట్టి పెరిగిన మీకు వ్యాపారమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. మిర్చి యార్డులో టిక్కీలు కొన్న వ్యాపారి డబ్బిచ్చి సరుకు తీసుకెళ్తాడు. రైతుకు ధర తక్కువ పడొచ్చు, అది అన్యాయం కావచ్చు, కానీ ఇద్దరి చేతుల్లోనూ ఏదో ఒకటి మిగులుతుంది. కాసినో ఆదాయమంటే ఆడినవాళ్లందరూ కలిసి పోగొట్టుకున్న మొత్తం. ఆడేవాళ్లు మొత్తం మీద గెలిస్తే ఆ కంపెనీ మూతపడుతుంది. టూరుకెళ్లి సరదాగా ఓ రెండు వేలు పోగొట్టుకుని నవ్వుకుంటూ వచ్చేవాడికి అది సినిమా టికెట్టు లాంటిదే. కానీ జూదం కంపెనీల ఆదాయంలో పెద్ద వాటా అలాంటివాళ్ల నుంచి రాదు. ఆపుకోలేక మళ్లీ మళ్లీ వచ్చే కొద్దిమంది నుంచి వస్తుంది. ఆ కొద్దిమందిలో ఒకరు మీ ఇంట్లోవాడే. అందుకే మీకు అన్నం సయించడం లేదు. అందులో చాదస్తమేమీ లేదు.

'మనం అమ్మితే ఇంకొకడు కొంటాడు' అన్న మాటలో మాత్రం మీవారితో నేను ఏకీభవిస్తాను. మీ పద్దెనిమిది వందల షేర్లు మీరు అమ్మిన క్షణంలోనే ఇంకొకరి ఖాతాలోకి వెళ్తాయి. గోవాలో ఒక్క టేబుల్ కూడా మూతపడదు. పైగా అమెరికాలో హాంగ్, కాస్పెర్‌జిక్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో మద్యం, పొగాకు, జూదం కంపెనీల షేర్లను పరిశీలించారు. పింఛను నిధుల లాంటి సంస్థలు వాటికి దూరంగా ఉండడం వల్ల అవి చవగ్గా దొరికి, కొన్నవాళ్లకు మిగతావాటికంటే ఎక్కువ రాబడి ఇచ్చాయని తేల్చారు. అంటే ఏరుకుని పెట్టుబడి పెట్టడానికి కొంత ఖర్చు ఉండొచ్చు. ఆ సంగతి దాచి మీకు సలహా ఇవ్వలేను. అయినా ఎన్నో దశాబ్దాలుగా మద్యం, పొగాకు, జూదం వద్దనుకున్న పెట్టుబడి ఫండ్లు అమెరికాలో ఉన్నాయి. చర్చిల డబ్బు వాటిలోకి వచ్చేది. తమ వాళ్ల బతుకులు ఏ జూదం వల్ల చెడుతున్నాయని ఆదివారం చెప్పుకుంటున్నారో, సోమవారం అదే జూదం లాభంతో గుడి నడవకూడదని వాళ్లు అనుకున్నారు. కంపెనీని దెబ్బతీయడం వాళ్ల ఉద్దేశం కాదు. మీ ఉద్దేశమూ అది కానక్కర్లేదు.

ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది, లెక్కల టీచరు కాబట్టి మీకు నచ్చుతుంది. మీవారి షేర్లు ఎందుకు పడ్డాయి? 2023 అక్టోబరు 1 నుంచి కాసినోల్లో ఆడేందుకు కొనే బిళ్లల (చిప్స్) పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ వేశారు. అంతకుముందు కంపెనీలు తమకు మిగిలిన దాని మీదే పన్ను కట్టేవి. ఈ రంగంలోని కంపెనీలకు పాత బకాయిలంటూ వేల కోట్ల నోటీసులు వెళ్లాయి. 2025 సెప్టెంబరులో ఆ 28 కాస్తా 40 అయింది. జనానికి చేటు అని ప్రభుత్వాలు అనుకునే వ్యాపారం మీద ఎప్పుడు ఏ పన్ను పడుతుందో, ఏ నిషేధం వస్తుందో ఎవరూ చెప్పలేరు. నీతి వేరు, డబ్బు వేరు అని మీవారు అంటున్నారు. ఈ షేరు దగ్గర ఆ రెండూ ఒకే దారిలో నడిచాయి.

ఇక ఆయన మాటల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది: 'కొన్న ధర వచ్చాక అమ్మేద్దాం.'

ఈ మాట మీరు ఇంతకుముందు ఎక్కడ విన్నారో గుర్తు తెచ్చుకోండి. మీ ఉత్తరం నాలుగో పేజీలో ఉంది. లోన్ యాప్‌ వాళ్ల ఫోన్లు వస్తున్న రోజుల్లో తమ్ముడు మీతో అన్నది: 'అక్కా, పోయింది వచ్చేస్తే చాలు, ఆ రోజే మానేస్తా.' బ్యాంకులో బంగారం తాకట్టు కౌంటర్లో కూర్చున్నప్పుడు ఈ వాక్యాన్ని నేను ఎన్ని గొంతుల్లో విన్నానో! పోయినదాన్ని అదే చోట రాబట్టుకోవాలన్న పట్టుదల పేకాట బల్ల దగ్గర ఎంత బలంగా ఉంటుందో, షేర్ల దగ్గరా అంతే బలంగా ఉంటుంది. మీరు ఎంతకు కొన్నారో ఆ షేరుకు తెలియదు. రెండు వందలకు కొన్నారు కాబట్టి మళ్లీ రెండు వందలు అవ్వాలన్న బాధ్యత దానికి లేదు.

ఈ పోలికను మాత్రం మీవారి ముఖాన విసరకండి. విసిరితే 'నన్ను వాడితో పోలుస్తావా' అన్న గొడవ దగ్గరే ఆగిపోతారు, మీ తమ్ముడికి కూడా అది అవమానం. దానికి బదులు ఒక ప్రశ్న అడగండి: 'నిధిలో ఈ రోజు లక్షా ముప్పై వేలు చేతిలో నగదుగా ఉంటే, ఈ కంపెనీ షేర్లు కొత్తగా కొంటారా?' కొనను అంటే, అట్టిపెట్టుకోవడానికి కారణం పాత ధర ఒక్కటే అని ఆయనకే అర్థమవుతుంది. కొంటాను అంటే అది నిజంగా ఆయన అభిప్రాయం. అప్పుడు వేరే దారి చూడాలి. అదీ చెప్తాను.

మీ ముందున్న దారులు ఇవి అనుకుంటాను. మొత్తం అమ్మేయడం ఒకటి. రెండు లక్షల ముప్పై వేల నష్టం అప్పుడు కాగితం మీద ఖాయమవుతుంది, మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ ఏడాదికి మించి ఉంచుకున్న షేర్ల మీద వచ్చిన నష్టాన్ని, దీర్ఘకాలిక లాభాలతో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆ ఏడాది లాభాలు లేకపోతే ఎనిమిదేళ్ల పాటు ముందుకు తీసుకెళ్లొచ్చు. రిటర్ను మాత్రం గడువులోపు వేయాలి. ఇలాంటి లాభాల మీద పన్ను 12.5 శాతం. అంటే పన్ను పడే లాభాలు మీవారికి ముందు ముందు ఉంటే, ఈ నష్టం వల్ల ఆయనకు ఇరవై ఎనిమిది వేల దాకా ఆదా అవుతుంది. నష్టం నిధిది, పన్ను ఆదా ఆయన ఖాతాలో. ఆ ఆదా నిధికే జమ కావడం న్యాయం. ఈ మాట మీరు చెప్పండి, ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ఆ షేరు మీద ఆయనకు నిజంగానే నమ్మకం ఉంటే రెండో దారి ఉంది. షేర్లు ఆయనే ఉంచుకోనివ్వండి. ఇవాళ్టి విలువ లక్షా ముప్పై వేలు సొంత డబ్బులోంచి నిధికి కట్టేయమనండి. నిధి శుభ్రంగా బయటపడుతుంది, లాభమైనా నష్టమైనా ఆయనది. కొన్న ధర మొత్తం కట్టమని మాత్రం పట్టుబట్టకండి. ఆయన తనంతట తను ఇస్తే వేరే సంగతి. అడగకుండా కొన్నారు కాబట్టి ఆ భారం ఆయనకు లోపల ఉండే ఉంటుంది. మీరు బలవంతం చేస్తే అది భర్త నుంచి వసూలు చేసిన జరిమానా అవుతుంది, ఏటా జూన్‌లో ఆ చేదు మళ్లీ పైకొస్తుంది. ఈ దారిలో మీకు మిగిలే ఇబ్బంది ఒకటుంది. ఇంట్లో ఆ షేర్లు ఉంటాయి. దాన్ని మీరు ఓర్చుకోగలరా అన్నది మీరే చూసుకోవాలి.

ఏమీ చేయకుండా ఉంచడం కూడా ఒక దారే. ధర పెరగొచ్చు కూడా. కానీ అప్పుడు మీరు ప్రతి నెలా ఆ ధర చూస్తూ, అది పెరగాలని కోరుకుంటూ ఉంటారు. పెరగాలంటే ఆ టేబుళ్ల దగ్గర ఇంకొంతమంది ఇంకొంచెం పోగొట్టుకోవాలి. తమ్ముడిని చూసిన కళ్లతో అలా కోరుకోగలరా?

వాటాదారుగా ఉండి కంపెనీని మార్చొచ్చు అనేవాళ్లూ ఉంటారు. ఏదో ఒక మూల చిన్న తప్పు ఉన్న కంపెనీ విషయంలో ఓటు వేయడం, ఉత్తరం రాయడం అర్థవంతమే. వ్యాపారమే జూదమైన చోట ఏం మార్చమని అడుగుతాం?

మరి ఎక్కడ గీత గీయాలి? మీవారి ఈ ప్రశ్న వెటకారంగా వచ్చినా, ప్రశ్న మంచిదే. జూదం కంపెనీకి ఖాతా ఉన్న బ్యాంకు, దాని ప్రకటన వేసిన టీవీ, దాని ఆట నడిచిన ఫోన్ నెట్‌వర్కు, అన్నీ వదలాలంటే అడవిలో బతకాలి. ప్రపంచమంతటా ఏరుకుని పెట్టుబడి పెట్టేవాళ్లు కూడా అంత దూరం పోరు. కంపెనీ ఆదాయంలో జూదం వాటా 5 శాతమో 10 శాతమో దాటితే వద్దు అని ఒక గీత పెట్టుకుంటారు. మీరూ అలాంటిదే పెట్టుకోండి. అన్నీ వదల్లేం కాబట్టి ఏదీ వదలక్కర్లేదన్న వాదనకు ఒప్పుకోకండి. ఇంట్లో దుమ్ము పూర్తిగా పోదని తెలిసి కూడా రోజూ ఊడుస్తూనే ఉంటాం కదా.

కోడిపందాల మాట మీకు బాగా గుచ్చుకున్నట్టుంది. గుచ్చుకోవలసిందే, అదీ చట్టప్రకారం తప్పే, అక్కడా సంసారాలు పోతున్నాయి. కానీ మీ పుట్టింటివాళ్లలో ఎవరూ నాన్నగారి నిధిని తీసుకెళ్లి బరిలో పెట్టలేదు.

గీత గురించి మాట్లాడుతుంటే గుంటూరు వాళ్లతో తప్పక అనాల్సింది ఒకటుంది. పొగాకు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం మీ ఊళ్లోనే ఉంది. మీ చుట్టాల్లోనే పొగాకు పండించినవాళ్లు, బ్యారన్లు కట్టినవాళ్లు, గ్రేడింగు షెడ్లలో పనిచేసి పిల్లల్ని చదివించుకున్నవాళ్లు ఉంటారు. మ్యూచువల్ ఫండ్లలో 'మంచి కంపెనీలే' అని చెప్పుకునే రకం ఎంచుకుంటే, వాటిలో చాలావాటి వద్దుల జాబితాలో జూదం పక్కనే పొగాకూ మద్యమూ ఉంటాయి. ఉదాహరణకు పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన చూసి కంపెనీలను ఎంచే నిఫ్టీ 100 ఈఎస్‌జీ సూచీలోంచి పొగాకు, మద్యం, జూదం, వివాదాస్పద ఆయుధాల కంపెనీల్ని తీసేస్తారు. టాటా ఎథికల్ ఫండ్ అని ఒకటి ఉంది. అది ఇస్లాం షరియా సూత్రాలతో నడిచేది. జూదం, మద్యంతో పాటు వడ్డీ మీద నడిచే బ్యాంకుల షేర్లు కూడా అందులో ఉండవు. ఏ మతంవాళ్లైనా అందులో డబ్బు పెట్టొచ్చు, కానీ బ్యాంకులు లేవు కాబట్టి కొన్నేళ్లు మార్కెట్టు కంటే బాగా, కొన్నేళ్లు వెనకబడి నడుస్తుంది. ఒకరి జాబితా ఇంకొకరికి అతకదు. పొగాకు మీద మీ అమ్మగారి అభిప్రాయం మీ అభిప్రాయం కాకపోవచ్చు. ఆ చర్చ జరగనివ్వండి. నిధికి మీ ఇంటి జాబితా ఉండాలి, ఏదో ఫండ్ కంపెనీ అచ్చేసినది కాదు.

ఈఎస్‌జీ అని పేరున్నంత మాత్రాన నమ్మేయొద్దు. 2023 జూలైలో షేర్ మార్కెట్టు నియంత్రణ సంస్థ సెబీ ఈ ఫండ్లకు ఆరు పద్ధతులు పెట్టింది. కొన్ని కంపెనీలను మొత్తంగా మినహాయించడం వాటిలో ఒకటి మాత్రమే. మిగతా పద్ధతులతో నడిచే ఫండు మీరు వద్దనుకున్న కంపెనీని కూడా కొనొచ్చు. ఫండ్ కంపెనీలు ప్రతి నెలా ఏ షేర్లు ఉన్నాయో తమ వెబ్‌సైట్లో పెట్టాలి. నిధిలో ఉన్న ఫండ్ల జాబితాలు ఓసారి దింపుకుని చూడండి. ముఖ్యంగా చిన్న కంపెనీల షేర్లు కొనే స్మాల్ క్యాప్ ఫండ్ ఏదైనా ఉంటే చూడండి, కాసినో, గేమింగ్ కంపెనీలు కనిపిస్తే అక్కడే కనిపిస్తాయి. ఇండెక్స్ ఫండ్ అయితే సూచీలో ఏదుంటే అది కొంటుంది, దానికి ఇష్టాయిష్టాలుండవు. ఒక ఫండులో ఎక్కడో అర శాతం కనిపించిందని కంగారుపడి అమ్మేయకండి. ఎగ్జిట్ లోడు (గడువుకు ముందే తీసుకుంటే కోసుకునే రుసుము) ఉందా, పన్ను ఎంత పడుతుంది చూసుకుని నెమ్మదిగా మారొచ్చు.

అసలు పిల్లల ఫీజుల డబ్బు అంతా షేర్లలో ఉండాల్సిన పని లేదని నా అభిప్రాయం. ఏటా జూన్‌లో కచ్చితంగా కావాల్సిన డబ్బు అది. రిజర్వు బ్యాంకు ద్వారా వచ్చే ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్లు ఉన్నాయి. 2025లో వాటి వడ్డీ 8.05 శాతం. జనవరి 1న, జూలై 1న వడ్డీ ఖాతాలో పడుతుంది. ఎనిమిది లక్షలు పెడితే ఏడాదికి అరవై నాలుగు వేల చిల్లర. వడ్డీ మీద పన్ను ఉంటుంది, డబ్బు ఏడేళ్లు కదలదు, రేటు ఆరు నెలలకోసారి మారొచ్చు. మిగిలిన నాలుగు లక్షలు ఫండ్లలో ఉంటే నిధి కూడా మెల్లగా పెరుగుతుంది. ఇదొక్కటే దారి అనను, మీవారికి ఇంతకంటే మంచి లెక్క తెలిసి ఉండొచ్చు. ఆయన్ని ఈ లెక్కలోకి పిలవండి. తప్పు చేసినవాడిగా పక్కన కూర్చోబెడితే మీకు మంచి లెక్కగాడు పోతాడు.

నిధిని ఇకముందు ఒకరి సొంత ఖాతాలో ఉంచకండి. ట్రస్టుగా రిజిస్టరు చేసి పన్ను మినహాయింపు తీసుకోవాలనుకుంటే, అలాంటి సంస్థలు మామూలుగా నేరుగా కంపెనీల షేర్లు కొనడానికి చట్టమే ఒప్పుకోదు. అప్పుడు ఈ సమస్య చాలావరకు దానంతటదే పోతుంది. కానీ ఏటా ఆడిట్లు, కాగితాలు ఉంటాయి. పన్నెండు లక్షల నిధికి అంత అవసరమా అని ఒక ఆడిటర్ని అడగండి. అక్కర్లేదంటే, అమ్మగారి పేరు, మీ పేరు కలిపి ఒక విడి ఖాతా తెరిచి, ఈ డబ్బు ఎక్కడ పెట్టొచ్చో ఎక్కడ పెట్టకూడదో ఒక్క పేజీలో రాసి అందరూ సంతకాలు పెట్టండి.

అందరూ అంటే తమ్ముడు కూడా. ఇక అసలు కష్టమైన ప్రశ్నకు వచ్చాం.

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. షేర్లు అమ్మేస్తారు, విషయం ముగుస్తుంది. కానీ మీ ఇంట్లో ఇద్దరికి తెలిసిన సంగతి ఎప్పటికీ ఇద్దరి దగ్గరే ఉండదు. మీవారి నోటినుంచో, స్టేట్‌మెంట్ చూసిన ఇంకెవరి నోటినుంచో విన్న రోజు, తన రెండు లక్షలు కూడా ఆ బల్ల మీదికే వెళ్లాయని, మీరు తెలిసి దాచారని అతను అనుకుంటాడు. చెబితే ఏమవుతుంది? బాధపడొచ్చు. బావ మీద కోపం రావచ్చు. కొందరికి ఇలాంటి వార్త పాత గాయాన్ని రేపి మళ్లీ అటు లాగే ప్రమాదం కూడా ఉంది. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. మూడేళ్లు దూరంగా ఉండడమంటే రోజూ నిలబడడమే. అది మీకు తెలుసు.

నేనైతే చెప్పడం వైపే మొగ్గుతాను, కానీ చెప్పాల్సింది మీరు కాదు. మీవారు. అదీ షేర్లు నిధిలోంచి తీసేశాక. 'నాకు తోచలేదు, అక్క చూపించింది, తీసేశాం, ఇకముందు ఎక్కడ పెట్టాలో నువ్వు కూడా చెప్పాలి' అని బావ నోటితో విన్న తమ్ముడికి, ఆ ఇంట్లో తన మాటకు మళ్లీ విలువ వచ్చిందని తెలుస్తుంది. పొలం పోగొట్టినప్పటి నుంచి డబ్బు విషయంలో అతన్ని ఎవరూ ఏమీ అడిగి ఉండరు. మీవారు ఒప్పుకోకపోతే తొందరపడకండి, ఒకటి రెండు నెలలు ఆగండి. ఆ రోజు తర్వాత అతని నిద్రలో, మాటల్లో తేడా కనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ముందే మరదలి దగ్గర ఉంచండి.

ఒక్క జాగ్రత్త. నిధి గురించి అతని సలహా అడగండి, సంతకం పెట్టించండి, కానీ షేర్లు కొనే యాప్ అతని చేతికి ఇవ్వొద్దు. షేర్ల ధర మున్ముందు ఎటు పోతుందోనని పందెంలా కట్టే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని సెబీ లెక్క తేల్చింది. తలా దాదాపు రెండు లక్షలు పోయాయి. రమ్మీ మానేసినవాళ్లు 'ఇది షేర్ మార్కెట్టే కదా' అనుకుని అందులోకి జారడం నేను చూశాను. అదీ గ్రాఫు మీద ఆడే పేకాటలాంటిదే. మీవారికి ఆ అలవాటేమైనా ఉందా అని కూడా ఓసారి నెమ్మదిగా అడగండి. మీ ఉత్తరంలో ఆ మాట లేదు, ఉండకూడదనే కోరుకుంటున్నాను.

చివరగా ఆ తొమ్మిది వేలు. పిల్లలకిచ్చిన పుస్తకాల గురించి నిద్ర పాడుచేసుకోకండి. ఆ పిల్లలు తీసుకున్నది మీ నాన్నగారి పేరు మీద వచ్చిన చదువు, వాళ్లకు అందులో ఏ మచ్చా అంటదు. మీ మనసు ఊరుకోకపోతే, కుదిరినప్పుడు నిధిలోంచి కాకుండా మీ ఇద్దరి జీతాల్లోంచి అంతే మొత్తం తీయండి. ఎక్కడికి ఇవ్వాలో తమ్ముణ్ణి అడగండి. తనలా చిక్కుకుని బయటపడాలని చూస్తున్న కుర్రాళ్లు కోల్డ్ స్టోరేజీలో ఒకరిద్దరు ఉన్నారని మీరే రాశారు కదా. వాళ్లలో ఒకరి పిల్లవాడి ఫీజు ఈ జూన్‌లో ఎవరు కడుతున్నారో అతనికి తెలిసే ఉంటుంది.